చిక్కడపల్లిలో భయం అమ్మని పూజా సామగ్రి షాపు

ఈ షాపు గురించి రాయాలని 2025 వేసవి నుంచీ అనుకుంటున్నాను, ఇప్పటికి కుదిరింది. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర్లో ఒక సందులో ఉంటుంది. బోర్డు ఎండకు వెలిసిపోయి ‘పూజా సామగ్రి లభించును’ అన్న అక్షరాలు మాత్రమే కనపడతాయి, పేరు చదవలేం. చుట్టుపక్కల ఎవరినడిగినా తాత షాపు అంటే చూపిస్తారు. వెడల్పు పది అడుగులు కూడా ఉండదు, ఇద్దరు లోపల నిలబడితే మూడోవాళ్లు మెట్టు మీద ఆగాల్సిందే. కర్పూరం, వత్తులు అమ్మే ఇంత చిన్న షాపుకి ఇంత పెద్ద రివ్యూ ఎందుకని అనిపించవచ్చు. మా వాడి ఏడు వారాల సెలవుల్లో సగం సాయంత్రాలు ఈ షాపు ముందు స్టూలు మీదే గడిచాయి, అందుకే వివరంగా రాస్తున్నాను. ఇంట్లో పూజలు బాగా చేసే పెద్దవాళ్లు ఉండి, పిల్లల్ని సెలవులకి వాళ్ల దగ్గర వదిలేవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

మేము మియాపూర్‌లో ఉంటాం, ఇద్దరివీ ఉద్యోగాలే. అమ్మ చిక్కడపల్లిలో ఒక్కతే ఉంటుంది, వయసు 69. నాన్న పోయాక పూజలు ఇంకా పెరిగాయి. తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తుంది, తలస్నానం, తడి ఆరేసిన మడి చీర, రెండు గంటల పూజ, ఆ తర్వాతే కాఫీ. ఏకాదశి ఉపవాసం, శనివారం ఒంటిపూట, ఇంట్లో ఉల్లిపాయ వాడని రోజులు ఇన్ని. మా వాడికి తొమ్మిదేళ్లు, ఫోన్ ముందు లేకపోతే ముద్ద దిగని పిల్లాడు. ఆ ఏడాది స్కూళ్లకి ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులిచ్చారు. ఇంతకుముందు వేసవుల్లో సమ్మర్ క్యాంపులూ ఆయాలూ చూసుకున్నాం, ఈసారి అమ్మే పట్టుబట్టింది, నా దగ్గర ఉంచు అని. వాడు బోర్ కొట్టి ఏడుస్తాడేమో అని కొంచెం భయపడ్డాను గానీ నా అసలు టెన్షన్ అది కాదు. అమ్మకి భక్తితో పాటు భయం కూడా ఎక్కువ. దీపం కొండెక్కితే ఏదో జరుగుతుందని, బయల్దేరేటప్పుడు తుమ్మితే ఆగాలని, కల వస్తే దానికో అర్థం ఉంటుందని. ఆ భయాలన్నీ నేను చిన్నప్పుడు మోశాను. పరీక్ష రోజు పొద్దున దీపం ఆరిపోయిందని హాల్లో కూర్చుని చేతులు వణికిన రోజు నాకింకా గుర్తే. అవి వీడికి అంటకూడదని మనసులో ఉంది, అమ్మకి చెప్పలేను. చెబితే బాధపడుతుంది.

మొదటి వారంలోనే వాడికి పనులు పురమాయించింది. హారతి పళ్లెం చింతపండుతో తోమడం, దూదితో వత్తులు చేయడం, సాయంత్రం షాపుకి తోడు వెళ్లడం. వత్తులు చేయడం వాడికి తెగ నచ్చింది. అరచేతిలో చిటికెడు దూది పెట్టుకుని, కాస్త విభూతి అద్దుకుని, రెండు చేతుల మధ్య ముందుకీ వెనక్కీ తిప్పితే పొడుగు వత్తి వస్తుంది. పువ్వు వత్తికి దూదిని చిన్న గుండ్రటి రేకులా పరిచి మధ్యలో వేళ్లతో మెలితిప్పి మొన తీయాలి. మొదట్లో వాడి వత్తులు గొంగళిపురుగుల్లా ఉండేవి, అమ్మ అవే వేసి వెలిగించేది. మే నెల మధ్యకల్లా రోజుకి ఇరవై చేసేవాడు, లెక్క రాసుకుని మరీ. ఆ దూది ఇక్కడే దొరుకుతుంది, యాభై గ్రాముల పొట్లం అరవై రూపాయలు. మెషీన్ మీద చేసిన రెడీమేడ్ వత్తుల ప్యాకెట్లు కూడా ఉన్నాయి. వాడు వత్తులు చేస్తున్నాడని తెలిశాక తాతగారు అమ్మకి రెడీమేడ్‌వి ఇవ్వడమే మానేశారు. ‘పిల్లాడు చేస్తుంటే ఇవెందుకు అక్కయ్యగారూ’ అనేవారు.

షాపు ఆయనకి అరవై పైన ఉంటాయి. మా వాడు మొదటి రోజే షాపు తాత అని పేరు పెట్టేశాడు. కర్పూరం విషయంలో వీళ్లిద్దరికీ స్నేహం కుదిరింది. పళ్లెం తోముతుంటే నల్లటి మసి కింద జిగటగా ఏదో అంటుకుని పోవడం లేదని, అదేంటని వీడు అడిగాడు. తాతగారు ఒక స్టీలు మూత బోర్లించి దాని మీద రెండు బిళ్లలు పెట్టారు, ఒకటి వాళ్ల డబ్బాలోది, ఇంకొకటి అమ్మ వేరేచోట చవకగా దొరికిందని కొన్న ప్యాకెట్‌లోది. రెండూ వెలిగించారు. ఆయన బిళ్ల పూర్తిగా కాలిపోయి మూత మీద పల్చటి మసి మాత్రం మిగిలింది. రెండోది కాలాక కింద మైనంలా అట్ట కట్టింది, గోటితో గీకితే వచ్చింది. ‘మసి రెంటికీ వస్తుంది నాన్నా, ఇలా ముద్దలా మిగిలితే అందులో వేరేది కలిపారన్నమాట’ అని చెప్పి, ఇంకో బిళ్ల వాడి చేతిలో పెట్టి, దీన్ని కిటికీలో వదిలేసి రోజూ చూడు, అంటించకుండానే తరిగిపోతుంది అన్నారు. వాడు దాన్ని నిజంగానే కిటికీ గట్టు మీద పెట్టి, పక్కనే పెన్సిల్‌తో దాని చుట్టూ గీత గీసి, రోజూ ఎంత తగ్గిందో చూశాడు. హారతి కర్పూరంలా కరిగిపోయిందని మనం ఊరికే అనేస్తాం, మా వాడు దాన్ని కళ్లారా కొలిచాడు. ఆ గీతలు అమ్మ ఇంటి కిటికీ మీద ఇంకా ఉన్నాయి. తరగకుండా ఉండాలంటే గాలి చొరని డబ్బాలో గట్టిగా మూత పెట్టాలి, అమ్మ అందులో నాలుగు మిరియపు గింజలు కూడా వేస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. హారతి కర్పూరం బిళ్లలు అచ్చం పిప్పరమెంటు బిళ్లల్లాగే ఉంటాయి. చిన్నపిల్లలు పొరపాటున మింగితే ఫిట్స్ వచ్చేంత ప్రమాదం, ఎక్కువ మోతాదు అవసరం లేదు. తాతగారు మా వాడితో మాట్లాడాక అమ్మ వైపు తిరిగి, డబ్బా కింద అరలో పెట్టొద్దు, మనవడు పెద్దవాడే అయినా వచ్చేపోయే పిల్లలుంటారు, పై అరలో పెట్టండి అని చెప్పారు. చక్రపొంగలిలో వేసే పచ్చకర్పూరం వేరు, అది చిన్న సీసాలో గ్రాముల లెక్కన ఇస్తారు, ధర ఎక్కువ. రెండూ ఒకే షెల్ఫులో పెట్టరు, అడిగితే ఎందుకో చెబుతారు. నేను చాలా షాపుల్లో కొన్నాను, ఈ జాగ్రత్త ఎవరూ చెప్పలేదు.

కుంకుమ దగ్గర కూడా ఇలాగే. ఆయన తమలపాకు మీద చిటికెడు పసుపు వేసి, కిళ్లీకి వాడే సున్నం కొద్దిగా అద్ది, రెండు చుక్కల నీళ్లతో వేలితో రుద్దారు. పసుపు కళ్ల ముందే ఎర్రబడింది. మా వాడు నోరు తెరిచి చూశాడు. పెళ్లిలో కాళ్లకి పెట్టే పారాణి ఇదేనని, అసలు కుంకుమ కూడా పసుపుతోనే చేస్తారని చెప్పారు. ఆ రాత్రి ఫోన్‌లో వీడు నాకు పాఠం చెప్పాడు, అమ్మా సున్నం క్షారం, పసుపు దాంతో కలిస్తే ఎర్రగా మారుతుంది అని. స్కూల్లో చెప్పారో, ఎక్కడ చదివాడో తెలీదు గానీ, అమ్మమ్మ పూజగదిలో సైన్సు దొరికిందని వాడి సంతోషం. ఈ షాపులో పసుపుతో చేసిన కుంకుమ మామూలు దానికి మూడింతలు రేటు ఉంటుంది. అమ్మకి ముందు వాడిన రంగు కుంకుమతో నుదుటి మీద దురద వచ్చి మచ్చ పడింది, ఇది మొదలుపెట్టాక దురద లేదు, మచ్చ మాత్రం కొద్దిగా ఉంది.

ఇప్పుడు నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం చెబుతాను.

ఏప్రిల్ చివర్లో అమ్మ ఎవరో చెప్పారని వాణ్ణి తీసుకుని సిటీలోనే ఇంకో పెద్ద షాపుకి వెళ్లింది. ఏసీ, అద్దాల అరలు, యూనిఫాం వేసుకున్న సేల్స్ వాళ్లు. అక్కడ ఒకతను మా వాడి నక్షత్రం అడిగి, వాడి ముఖంలోకి చూసి, బాబుకి దిష్టి బాగా ఉంది, రాత్రిళ్లు ఉలిక్కిపడతాడా అని అడిగాడట. తొమ్మిదేళ్ల పిల్లాడు ఏదో ఒక రాత్రి ఉలిక్కిపడకుండా ఉంటాడా! అమ్మ అవునంది. ఒక రాగి యంత్రం, చేతికి కట్టుకునే నల్లపూసల గొలుసు, ఇంకేదో పొడి, మొత్తం మూడు వేల అయిదు వందలు. అమ్మ పెన్షన్ డబ్బుల్లోంచి ఇచ్చింది. డబ్బు సంగతి తర్వాత, ఇదంతా పిల్లాడి ఎదురుగానే మాట్లాడారు. ఆ రాత్రి పదకొండింటికి అమ్మ ఫోన్ నుంచి వాడు నాకు కాల్ చేసి, గొంతు తగ్గించి, ‘అమ్మా, నాకేమవుతుంది?’ అని అడిగాడు. నేను అప్పటికప్పుడు క్యాబ్ ఎక్కి వెళ్లిపోదామనుకున్నాను. మా ఆయన ఆపారు, ఇప్పుడు వెళ్తే మీ అమ్మా నువ్వూ గొడవ పడతారు, వాడింకా భయపడతాడు అని. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

మర్నాడు సాయంత్రం అమ్మ ఆ యంత్రాన్ని తాత షాపుకి పట్టుకెళ్లింది, ఏ దిక్కున పెట్టాలో అడగడానికి. ఇది వాడు నాకు చెప్పాడు, తర్వాత అమ్మ కూడా చెప్పింది, ఇద్దరి మాటా ఒకటే. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘అక్కయ్యగారూ, ఇది మీ దేవుడి దగ్గర ఎక్కడ పెట్టుకున్నా పర్లేదు. పిల్లాడి ముందు దోషం, దిష్టి అన్న మాటలు మాత్రం అనకండి. పెద్దవాళ్లం మనమే ఆ మాటలకి తట్టుకోలేం’ అన్నారు. అని ఊరుకోకుండా మా వాణ్ణి దగ్గరికి పిలిచి, రాత్రి ఏ కల వచ్చిందని అడిగారు. స్కూల్ బస్సు తనని వదిలేసి వెళ్లిపోతున్నట్టు కల వస్తుందని చెప్పాడట. నాకు తొమ్మిదేళ్లప్పుడు రైలు వెళ్లిపోయే కల వచ్చేది, నేనిప్పుడు బాగానే ఉన్నానుగా అన్నారట ఆయన. అంతే, ఆ రాత్రి నుంచి వాడు మామూలుగా పడుకున్నాడు. నేను ఎంత వాదించినా అమ్మ వినని మాట, ఆయన చెబితే వింది. దేవుడి సామాను అమ్మే మనిషి చెప్పాడు కాబట్టి వింది. నేను చెబితే ‘నీకు నమ్మకం లేదులే’ అని తీసిపారేసేది.

తర్వాత ఒక శనివారం నేనే వెళ్లి ఆయన్ని అడిగాను, మీ షాపులో యంత్రాలు, దిష్టి తాళ్లు ఎందుకు పెట్టరు, బాగా అమ్ముడుపోతాయి కదా అని. గుమ్మానికి కట్టుకునే బూడిద గుమ్మడికాయ, నిమ్మకాయ మిరపకాయలు అడిగితే తెప్పిస్తాం అన్నారు, అది ఇంటి అలవాటు, ఎవరి ఇష్టం వాళ్లది. మనిషిని కూర్చోబెట్టి నీకిది ఉంది, అది ఉంది అని చెప్పి అమ్మడం తన వల్ల కాదన్నారు. ఇంత మాత్రమే చెప్పి, ఎవరో వస్తే దర్భలు కట్టివ్వడానికి లోపలికి వెళ్లిపోయారు.

ఇక కొబ్బరికాయ సంగతి. ఇందులో షాపు తప్పు ఉంది, ఉన్నదున్నట్టు రాస్తాను. మన తెలుగువాళ్లకి హనుమజ్జయంతి వైశాఖ బహుళ దశమి, ఆ ఏడాది మే 22 గురువారం వచ్చింది. ఇక్కడ హైదరాబాద్‌లో చైత్ర పౌర్ణమికి గౌలిగూడ రామమందిరం నుంచి తాడ్‌బండ్ హనుమాన్ గుడి దాకా పెద్ద ఊరేగింపు జరుగుతుంది, అది ఏప్రిల్ 12నే అయిపోయింది. ఆ రోజు మాల వేసుకుని మే 22న తీసేస్తే సరిగ్గా 41 రోజుల దీక్ష. అమ్మ పై వాటాలో ఉండే కుర్రాడు దీక్షలో ఉండటంతో మా వాడు నెల రోజులుగా అతని సిందూరం రంగు బట్టలు చూస్తూ ఆ రోజు కోసం ఎదురుచూశాడు. నేను కూడా లీవు పెట్టి వెళ్లాను. గుడిలో వాడి చేత్తోనే కొట్టించింది అమ్మ. కాయ పగిలింది, లోపల నల్లగా కుళ్లి వాసన. వెనక క్యూలో ఎవరో ‘అయ్యో’ అన్నారు. అమ్మ ముఖం పాలిపోయింది. మా వాడు అమ్మ ముఖం చూశాడు, నేను వాడి ముఖం చూశాను. ఇంటికి వచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు. వాడు చెప్పులు విప్పుతూ నా చెవిలో చెప్పాడు, పొద్దున పూజ కాకముందే రెండు బిస్కెట్లు తిన్నానమ్మా, అందుకే ఇలా అయిందా అని. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

షాపులో నాలుగున్నరకి తలుపు తీయగానే ముగ్గురం వెళ్లాం. అమ్మ శాంతికి ఏం చేయాలో కనుక్కుందామని, నేను గొడవ పెట్టుకుందామని. నలభై రూపాయల కాయ, చూసి ఇవ్వొద్దా అని నా కోపం. ఆయన విని ఒక్క ముక్క మాట్లాడకుండా అదే గోనెసంచిలోంచి రెండు కాయలు తీసి మెట్టు మీద కొట్టారు. ఒకటి బాగుంది, రెండోది కూడా కుళ్లింది. ‘ఇవి నేను తెచ్చి పది రోజులు దాటింది. ఈ ఎండల్లో సంచిలో మగ్గిపోయాయి. తప్పు నాదే’ అని అమ్మకి చేతులు జోడించారు. తర్వాత వాడి బిస్కెట్ల సంగతి నేనే చెప్పాను. ఆయన వంగి వాడి కళ్లలోకి చూసి ‘బిస్కెట్లు తిన్నది నువ్వు, కుళ్లింది కాయ. రెంటికీ ఏం సంబంధం నాన్నా?’ అన్నారు. వాడు కాసేపు ఆలోచించి, ‘ఏం లేదు’ అన్నాడు. ఆ రెండు మాటలు అనేటప్పుడు వాడి భుజాలు కిందికి దిగడం నేను చూశాను. ఆయన సంచి మొత్తం పక్కన పెట్టేసి, అమ్మ డబ్బులు తిరిగిచ్చి, వాణ్ణి కూర్చోబెట్టి మంచి కాయ ఎలా ఎంచాలో నేర్పారు. చేతిలో బరువుగా ఉండాలి. చెవి దగ్గర ఊపితే నీళ్లు కదలడం వినపడాలి. పిలక కింద మూడు కళ్లుంటాయి కదా, అక్కడ చెమ్మ, బూజు ఉండకూడదు. పీచు మీద ఎక్కడా నల్లటి తడి మరక కనపడకూడదు. ఆ తర్వాత కొత్త సరుకు వచ్చినప్పుడల్లా వాడే ఏరేవాడు. ఒకటి రెండుసార్లు వేరే కస్టమర్లకి కూడా ఏరి ఇచ్చాడని అమ్మ గర్వంగా చెప్పింది. శాంతి సంగతి అమ్మ మళ్లీ ఎత్తలేదు.

వైశాఖంలో దానాలు చేయాలని అమ్మ పట్టుదల. గొడుగు, విసనకర్ర, చెప్పులు, నీళ్ల కుండ, ఇవన్నీ కలిపి ప్యాకెట్‌గా దొరుకుతాయి కొన్నిచోట్ల. ఇక్కడ అలాంటి ప్యాకెట్ లేదు. నీళ్ల దానం చేయాలంటే గేటు బయట కుండ పెట్టి రోజూ నింపండి, మనవడున్నాడుగా అని సలహా ఇచ్చారు ఆయన. ఆయన అమ్మింది ఒక తాటాకు విసనకర్ర మాత్రమే, కుండ మేము రోడ్డు మీద కొన్నాం. మే నెలంతా పొద్దున ఎనిమిదింటికీ మధ్యాహ్నం రెండింటికీ కుండ నింపడం వాడి డ్యూటీ. డెలివరీ కుర్రాళ్లు, సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఉద్యోగ పరీక్షలకి చదువుకునే అబ్బాయిలు ఆగి తాగేవాళ్లు. ఒకతను రోజూ బాటిల్ నింపుకునేవాడని, అతనికి గ్రూప్స్ పరీక్ష ఉందని, అమ్మమ్మ అతని పేరు కూడా దేవుడికి చెబుతుందని మా వాడు రిపోర్టు ఇచ్చేవాడు. మేలోనే సరస్వతీ పుష్కరాలు వచ్చాయి కాళేశ్వరంలో, 15 నుంచి 26 దాకా. పన్నెండేళ్లకోసారి వచ్చేవి, వాణ్ణి తీసుకెళ్తానని అమ్మ. ఆ ఎండలో, ఆ రద్దీలో వద్దని నేను. ఈ విషయంలో నేను గట్టిగానే నిలబడ్డాను, అమ్మ రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. షాపు ఆయన భార్య వాళ్ల బంధువులతో వెళ్లి వచ్చి, చిన్న సీసాలో గోదావరి నీళ్లు అమ్మకి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు.

గుళ్ల గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే ఎక్కడికి వెళ్లాలో సలహా ఈ షాపులోనే దొరికేది. సిటీ బస్సులో అమ్మకి జీరో టికెట్, వాడికి హాఫ్ టికెట్, ఎండ ఎక్కకముందే ఇల్లు చేరేవాళ్లు. బిర్లా మందిర్‌లో గంటలు లేవేంటని వాడికి సందేహం. 1976లో రామకృష్ణ మిషన్ స్వామి రంగనాథానంద దాన్ని ప్రారంభించారు, ధ్యానానికి నిశ్శబ్దంగా ఉండాలని గంటలు పెట్టలేదు అని నేను చెప్పాను. అమ్మకి గంట లేని గుడి వెలితిగా అనిపించింది, వాడికి మాత్రం ఆ పాలరాయి మెట్లు, కింద హుస్సేన్‌సాగర్, ఆ నిశ్శబ్దం బాగా నచ్చాయి. కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడి కథ తాతగారే చెప్పారు. గుడి కూల్చడానికి ఔరంగజేబు వచ్చినప్పుడు ‘కర్ మన్ ఘట్’, అంటే మనసు గట్టి చేసుకో అని వినపడిందని, ఆ మాటే ఊరి పేరైందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. వాడికి ఆ కథ ఎంత పట్టేసిందంటే, నేను ఆదివారం వదిలి వెళ్లేటప్పుడు నా కళ్లు చెమర్చితే ‘కర్ మన్ ఘట్ అమ్మా’ అన్నాడు.

షాపులో నచ్చనివీ ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగున్నర దాకా మూసేస్తారు, దూరం నుంచి వచ్చేవాళ్లు ఇది చూసుకోవాలి. కార్డు తీసుకోరు. ఫోన్ పేమెంట్ ఉంది గానీ ఆ స్కానర్ పెట్టె ఆయన మనవడు ఉన్నప్పుడే పనిచేస్తుంది, చిల్లర పట్టుకెళ్లడం మంచిది. అడగకపోతే బిల్లు ఇవ్వరు, ఇది మారాలి. కారు ఆపడానికి చోటే లేదు. మెట్రోలో చిక్కడపల్లి స్టేషన్‌లో దిగి నడవడం సుఖం, మియాపూర్ నుంచి వచ్చే మాలాంటివాళ్లు ఎంజీబీఎస్‌లో గ్రీన్ లైన్‌కి మారాలి. అగరుబత్తీలు నేను సిఫారసు చేయను. రెండు రకాలు తెచ్చాం, రెండూ ఘాటుగా ఉండి అమ్మకి దగ్గు వచ్చింది. వెనక్కి తీసుకున్నారు కానీ సరుకు బాగుండాలి కదా. దీపం నూనె కొనేటప్పుడు సీసా మీద అక్షరాలు చదవండి, ఏ షాపులో అయినా. దీపారాధనకు మాత్రమే, వంటకి వాడరాదు అని చిన్నగా రాసి ఉంటుంది చాలావాటి మీద. ఒకే గట్టు మీద రెండు సీసాలుంటే పెద్దవాళ్లు తారుమారు చేసే ప్రమాదం ఉందని ఆయనే అమ్మకి వంట నువ్వుల నూనె తీసుకోమన్నారు, అది ఆయన షాపులో దొరకదు.

జూన్ 11 సాయంత్రం వాణ్ణి తీసుకెళ్లడానికి వెళ్లాను. వాడి దగ్గర పోగేసిన డబ్బులు మూడు వందలున్నాయి, దీపపు కుంది కొనుక్కుంటానన్నాడు. ఇత్తడి ఇక్కడ తూకం మీద ఇస్తారు. వాడు అరకిలో పైన ఉన్న పెద్ద కుంది చూపించాడు, దానికి తన డబ్బులు చాలవనీ తెలుసు, నా వైపు చూశాడు. నేను పర్సు తీశాను. తాతగారు నన్ను ఆగమని సైగ చేసి, ‘రోజూ వెలిగిస్తావా?’ అని వాణ్ణి అడిగారు. వాడు అబద్ధం చెప్పలేదు, ‘ఆదివారం’ అన్నాడు. అయితే ఇది చాలు అని అరచేతిలో పట్టే కుంది తీసి తూచారు, 180 గ్రాములు, రెండు వందలు తీసుకున్నారు. అమ్మ పక్కనే ఉంది. రోజూ వెలిగించమని అంటుందేమో అనుకున్నాను. ఏమీ అనలేదు, సంచిలోంచి వాడు చేసిన వత్తుల పొట్లం తీసి ఆ కుందిలో పెట్టి ఇచ్చింది.

ఆ పొట్లం ఆగస్టులో అయిపోయింది, దూది కోసం మళ్లీ వెళ్లాం. ఇప్పుడు కొబ్బరికాయలు గోనెసంచిలో కాకుండా వెదురు బుట్టలో నీడలో పెడుతున్నారు, వచ్చిన తేదీ సుద్దముక్కతో పలక మీద రాస్తున్నారు. అయినా మీరు వెళ్తే చెవి దగ్గర ఊపి చూసే తీసుకోండి, ఆయనేమీ అనుకోరు.